బీల, తంపర, గెడ్డ: శ్రీకాకుళం చిత్తడి నేలల పునరుద్ధరణలో ప్రజల భాగస్వామ్యం

వ్యాససంగ్రహం

ఉత్తరాంధ్రలో బీల, తంపర, గెడ్డ, బంద అనే పేర్లతో వ్యవహరించే జలవనరులు సాగుకు, చేపల వేటకు, పశుపోషణకు, పక్షుల మనుగడకు ఆధారాలు. ప్రభుత్వ రికార్డుల్లో ఇవి చాలావరకు వేరే పేర్లతో, వేరే విలువతో నమోదయ్యాయి. ఆ తేడా ఫలితాలను సోంపేట, కాకరాపల్లి ఘటనలు చూపగా, స్థానిక సంరక్షణ సాధించగలిగినదాన్ని తేలినీలాపురం, తేలుకుంచి గ్రామాలు చూపుతున్నాయి. పునరుద్ధరణ ప్రజలకున్న వాడుకహక్కును గుర్తించడంతో మొదలవ్వాలని, పూడికతీత, మొక్కల పెంపకం దాని తరువాతి దశలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: చిత్తడి నేలలు, బీల, తంపర, గెడ్డ, ఉమ్మడి వనరులు, ప్రజాభాగస్వామ్యం, శ్రీకాకుళం, విజయనగరం.

1. ఉపోద్ఘాతం

చిత్తడి నేలల పరిరక్షణకు అంతర్జాతీయ పునాది 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ నగరంలో కుదిరిన ఒడంబడిక. భారతదేశం 1982లో అందులో చేరింది. ఆ ఒడంబడికకు కేంద్రభావన 'వివేకవంతమైన వినియోగం'. మనిషిని దూరంగా ఉంచి నేలను కాపాడాలని అది చెప్పదు. వాడుకుంటూనే ఆ నేల స్వభావం చెడకుండా చూడాలంటుంది. 1999లో కోస్టారికాలో జరిగిన సభ్యదేశాల సమావేశం స్థానిక ప్రజల భాగస్వామ్యంపై ప్రత్యేక మార్గదర్శకాలను ఆమోదించింది.

అయితే 'భాగస్వామ్యం' అన్న మాట మన ఆచరణలో తరచుగా ఒకే దిశలో నడుస్తుంది. పథకం ప్రభుత్వానిది, నమూనా ఇంజనీరుది, నిధులు వేరొకరివి. ప్రజలు శ్రమదానానికో, సంతకానికో పిలిచినప్పుడు వచ్చేవారు. శ్రీకాకుళం ప్రాంత అనుభవం ఇందుకు భిన్నమైన ప్రశ్నను మన ముందుంచుతుంది. పథకం రాకముందే ఆ నీటిని, నేలను ఎవరు నిర్వహిస్తున్నారు? ఆ నిర్వహణకు గుర్తింపు ఉందా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం. 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లా, 1979లో ఏర్పడిన విజయనగరం జిల్లా, 2022లో వాటి నుంచి రూపొందిన పార్వతీపురం మన్యం జిల్లా కలిసిన భూభాగం ఇక్కడ పరిశీలనాపరిధి.

2. పదాలు, భూస్వరూపం

ఈ ప్రాంతంలో తూర్పు కనుమలకూ సముద్రానికీ మధ్య మైదానం ఇరుకైనది. 1,501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి ఉత్తర శ్రీకాకుళం తీరం నుంచి కంటికి కనిపిస్తుంది. వంశధార, నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి ఈ మైదానం మీదుగా సముద్రంలో కలుస్తాయి. మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రాన్ని చేరుతుంది. బాహుదా నది ఇచ్ఛాపురం మీదుగా ప్రవహిస్తుంది. ఈ నదులతో పాటు కొండల నుంచి దిగే చిన్న ప్రవాహాలు లెక్కకు మించి ఉన్నాయి. వీటికి ఇక్కడి జనం పెట్టుకున్న పేరు గెడ్డ. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ వంటి జలాశయాల పేర్లలో ఆ మాట నేటికీ నిలిచి ఉంది.

వానాకాలంలో గెడ్డలు వేగంగా దిగివస్తాయి. తీరం పొడవునా సముద్రం పేర్చిన ఇసుక దిబ్బలు ఆ నీటిని నేరుగా సముద్రంలోకి పోనివ్వవు. దిబ్బల వెనుక పల్లంలో నీరు వ్యాపించి, నెమ్మదిగా ఇంకి, కొంత నెమ్మదిగా బయటికి పోతుంది. ఆ పల్లమే సోంపేట ప్రాంతంలో బీల, కాకరాపల్లి, నౌపడ ప్రాంతంలో తంపర. వరద ఉద్ధృతిని తగ్గించడం, చుట్టుపక్కల బావుల్లో నీటిమట్టాన్ని నిలపడం, సముద్రపు ఉప్పునీరు భూగర్భంలోకి చొచ్చుకురాకుండా మంచినీటి ఒత్తిడితో అడ్డుకోవడం బీల చేసే పనులు. గ్రామాల్లోని బందలు, చెరువులు ఈ జలవ్యవస్థలోని చిన్న కణుపులు.

ఈ పదాల వ్యాప్తి గమనార్హం. బెంగాలీలో 'బీల్' అంటే లోతు తక్కువైన నీటి పల్లం. ఒడియాలో 'బిల' అంటే వరిపొలం. నీటి పల్లం, వరిమడి అనే రెండు అర్థాలూ సోంపేట బీలకు ఒకేసారి వర్తిస్తాయి: వానలో అది జలాశయం, నీరు తగ్గినచోట పంటభూమి, వేసవిలో పశువుల మేత. ఇక గంజాం జిల్లాలో ఛత్రపురం దగ్గర ఉన్న సరస్సు పేరు తంపర. అది నేడు రామ్‌సర్ జాబితాలో ఉంది. రాష్ట్ర సరిహద్దుకు ఇవతల అదే పేరున్న నేల థర్మల్ విద్యుత్ కేంద్రానికి స్థలమైంది. ఒకే మాట, ఒకే తీరం, రెండు గతులు. ఈ తేడాకు కారణాన్ని ప్రకృతిలో కన్నా పాలనావ్యవహారంలో వెదకడం సమంజసం.

3. రికార్డులో పేరు, నేలలో బతుకు

జమీందారీ కాలం నుంచి రెవెన్యూ వ్యవస్థ నేలను శిస్తు ఇచ్చేది, ఇవ్వనిది అని ప్రధానంగా విభజించింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి కాని, ఈ విభజన దృష్టి పోలేదు. బంజరు, పోరంబోకు, ఉత్తరాంధ్రలో ప్రత్యేకంగా వినిపించే గయాలు అనే మాటలన్నీ ఆ నేలపై వ్యక్తిగత పట్టా లేదని మాత్రమే తెలుపుతాయి. అక్కడ ఎవరు చేపలు పడుతున్నారు, ఎవరు జమ్ము, తుంగ కోస్తున్నారు, ఎవరి పశువులు ఏ నెలలో మేస్తున్నాయి, ఎవరి పొలానికి ఏ దారిన నీరు ఎక్కుతోంది అనే విషయాలకు ఆ పట్టికలో గడి లేదు. గడి లేని హక్కు కాగితం మీద లేనిదవుతుంది. కాగితం మీద లేని హక్కును తీసుకోవడానికి పరిహారం కూడా అక్కరలేదని తరువాతి మెట్టులో తేలుతుంది.

సోంపేట బీలలో బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రాన్ని ప్రతిపాదించినప్పుడు ఈ వైరుధ్యమే బయటపడింది. నేల నిరుపయోగమైనదన్న వాదన ఒకవైపు, అది తమ సాగుకూ చేపలవేటకూ ఆధారమన్న గ్రామాల సాక్ష్యం మరొకవైపు నిలిచాయి. 2010 జూలై 14న నిరసనకారులపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించింది. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. కొద్ది నెలలకే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి తంపర విషయంలో మళ్లీ కాల్పులు, మళ్లీ మరణాలు.

ఈ రెండు ఘటనలను పారిశ్రామికీకరణపై వ్యతిరేకతగా మాత్రమే చదవడం అసంపూర్ణం. చిత్తడి నేలల అధ్యయనం దృష్టితో చూస్తే, ఇవి ఒక నేలకు ఏ పేరు చెల్లుతుందన్న వివాదాలు. 'ఇది బీల' అన్న వాక్యం ఇక్కడ భౌగోళిక వర్ణన మాత్రమే కాదు, అది హక్కుప్రకటన. ఆ వాక్యం రికార్డులో ముందే ఉండి ఉంటే న్యాయస్థానం దాకా, కాల్పుల దాకా పోవలసిన అవసరం ఎంతవరకు ఉండేదో పరిశోధకులు ఆలోచించాలి.

4. తేలినీలాపురం, తేలుకుంచి: సంరక్షణ బలం, దాని హద్దు

టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి ఏటా వానాకాలం చివర గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ జాతి కొంగలు వచ్చి, ఊరి చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముందు వెళ్లిపోతాయి. ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచికి వానలతో పాటు ఓపెన్‌బిల్ కొంగలు వస్తాయి. నత్తలు వీటి ప్రధాన ఆహారం. రెండు ఊళ్లలోనూ పక్షుల రాకను గ్రామస్థులు శుభంగా భావిస్తారు. వాటిని వేటాడరు, గూళ్లను చెదరగొట్టరు. అటవీశాఖ పర్యవేక్షణ ఈ ఆచారానికి తరువాత తోడైంది. ఇళ్ల మధ్య చెట్ల మీద వందల పక్షులు గూళ్లు కట్టినప్పుడు రెట్ట, దుర్వాసన, చప్పుడు తప్పవు. వాటిని భరించడం కూడా ఒక వ్యయమే. ఆ వ్యయాన్ని గ్రామం తరతరాలుగా మోస్తోంది. భాగస్వామ్యంలో ప్రజల వాటాను లెక్కించేటప్పుడు ఈ అంశం సాధారణంగా లెక్కలోకి రాదు.

ఇక్కడ ఒక ప్రచారాన్ని సవరించుకోవాలి. ఈ పక్షులను 'సైబీరియా అతిథులు' అని పత్రికలు తరచుగా పిలుస్తాయి. గూడబాతు, పెయింటెడ్ స్టార్క్, ఓపెన్‌బిల్ మూడూ దక్షిణ, ఆగ్నేయాసియాకు చెందిన పక్షులే. నీరు, ఆహారం లభించే తీరును బట్టి ఇవి ఈ భూభాగంలోనే ఒక చిత్తడి నేల నుంచి మరొకదానికి తరలుతుంటాయి. సవరణ చిన్నదే అయినా దాని పర్యవసానం పెద్దది. దూరదేశపు అతిథి అనుకుంటే, వచ్చినప్పుడు చెట్టు చూపితే మన బాధ్యత తీరినట్టు తోస్తుంది. ఈ నేల పక్షి అని తెలిస్తే, ఏడాది పొడవునా అది బతికే చెరువులు, పల్లాలు, పొలాలు అన్నీ మన బాధ్యతలోకి వస్తాయి.

తేలినీలాపురం సంరక్షణకున్న హద్దు కూడా ఇక్కడే ఉంది. గూడు ఊరిలో, మేత నౌపడ తంపరలో, ఉప్పుమడుల అంచుల్లో, వరిపొలాల్లో. గ్రామం తన చెట్లను కాపాడగలదు. మేతనేలపై నిర్ణయాధికారం ఆ గ్రామానికి లేదు. పెయింటెడ్ స్టార్క్ లోతు తక్కువైన నీటిలో నడుస్తూ, తెరిచిన ముక్కును నీటిలో కదుపుతూ చేపలను పడుతుంది. నీరు లోతైతే దానికి ఆహారం అందదు. ఎండిపోతే ఆహారమే ఉండదు. అందువల్ల గూడున్న ఊరు, మేతనేల పక్కనున్న ఊళ్లు, గెడ్డ పైభాగంలోని ఊళ్లు ఒకే వ్యవస్థలో భాగస్వాములు కావలసి ఉంటుంది.

5. పునరుద్ధరణ స్వరూపం

బీలను చెరువుగా మార్చడం పునరుద్ధరణగా చలామణీ కావడం నేటి ప్రధాన సమస్యల్లో ఒకటి. యంత్రాలతో సమంగా లోతు తవ్వి, చుట్టూ రాతికట్టడం కట్టి, నడకదారి వేస్తే చూడటానికి బాగుంటుంది. కాని చిత్తడి నేలకు ప్రాణం దాని వాలులో ఉంది. నడుమ లోతు, ఆ చుట్టూ మోకాటిలోతు, అంచున తడినేల అనే క్రమమే చేప గుడ్లు పెట్టడానికి, కొంగ మేయడానికి, జమ్ము పెరగడానికి వేర్వేరు చోట్లు కల్పిస్తుంది. నిలువు గట్టు ఈ క్రమాన్ని తుడిచేస్తుంది. సాగునీటి చెరువులో పూడికతీత అవసరమే. ఆ మట్టిని పొలాలకు తోలుకోవడం రైతులకు పాత అలవాటు. బీల విషయంలో అదే పద్ధతిని యథాతథంగా అమలు చేయకూడదు.

గెడ్డల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. గెడ్డ ఒడ్డున సహజంగా పెరిగే చెట్లు, మొగలి పొదలు, గడ్డి వేళ్లతో మట్టిని పట్టి ఉంచుతాయి, నీటిలోకి నీడనిస్తాయి, వరదనీటితో వచ్చే పూడికను వడకడతాయి. ఒడ్డును చదును చేసి సాగులోకి తెస్తే మట్టి దిగువకు పోయి బీలలో చేరుతుంది. దిగువన పూడిక తీయడం, ఎగువన ఒడ్డును కోయనివ్వడం ఒకేసారి జరిగితే ఖర్చు మాత్రమే మిగులుతుంది. కనుక పని క్రమం ఎగువ నుంచి దిగువకు ఉండాలి: మొదట గెడ్డ ఒడ్డు, తరువాత నీటిదారిలోని అడ్డంకులు, మదుములు, చివరికి పల్లం. గుర్రపుడెక్క, లొట్టపీచు, సర్కారు తుమ్మ వంటి పరాయి మొక్కల తొలగింపు ఒక్కసారితో ముగిసే పని కాదు. ఏటా చేయవలసిన ఆ పనికి ఏటా అక్కడ ఉండే మనుషులు కావాలి. ప్రజల భాగస్వామ్యం అనివార్యం కావడానికి ఇది సాంకేతిక కారణం కూడా.

6. చట్టం ఇచ్చినది, విడిచినది

చిత్తడి నేలల పరిరక్షణ, నిర్వహణ నిబంధనలు 2010లో వచ్చి, 2017లో కొత్త రూపం పొందాయి. నోటిఫై అయిన చిత్తడి నేలను ఇతర అవసరాలకు మార్చడాన్ని, అందులో పరిశ్రమలు నెలకొల్పడాన్ని ఇవి నిషేధిస్తాయి. అయితే 2017 నిర్వచనం నదీప్రవాహాలను, వరిపొలాలను, సాగునీటికీ తాగునీటికీ చేపల పెంపకానికీ ఉప్పు తయారీకీ మనుషులు నిర్మించిన జలవనరులను మినహాయించింది. శ్రీకాకుళం తీరానికి దీన్ని అన్వయిస్తే సమస్య స్పష్టమవుతుంది. నౌపడలో తంపర, ఉప్పుమడి, వరిపొలం పక్కపక్కన ఉంటాయి. పక్షి వాటి మధ్య గీత గీయదు, నీరూ గీయదు. చట్టం మాత్రం గీస్తుంది.

2017లోనే సుప్రీంకోర్టు, దేశంలో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా గుర్తించిన, 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడి నేలలకు 2010 నిబంధనల్లోని నాలుగో నియమం సూత్రాలు వర్తించాలని ఆదేశించింది. 2020లో వెలువడిన కేంద్ర మార్గదర్శకాలు ప్రతి చిత్తడి నేలకు సంక్షిప్త పత్రం, ఆరోగ్యపత్రం, స్థానికులతో 'వెట్‌ల్యాండ్ మిత్ర' బృందం, సమగ్ర నిర్వహణ ప్రణాళిక అనే నాలుగు అంచెలను సూచించాయి. మిత్ర బృందం మంచి ఆలోచన. కాని మిత్రుడికి స్నేహం ఉంటుంది, అధికారం ఉండదు.

అధికారానికి ఆధారాలు వేరే చట్టాల్లో ఉన్నాయి. జీవవైవిధ్య చట్టం, 2002 లోని 41వ సెక్షన్ ప్రతి స్థానిక సంస్థ పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీని కోరుతుంది. ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేస్తుంది. బీలలోని చేపజాతులు, గడ్డిజాతులు, వాడుకపద్ధతులు స్థానిక పేర్లతో అధికారికంగా నమోదు కాగల గడి ఇదే. ఎగువన సవర, జాతాపు గ్రామాలున్న అటవీప్రాంతాలకు 2006 నాటి అటవీహక్కుల చట్టం వర్తిస్తుంది. చేపలతో సహా జలవనరుల ఉత్పత్తులపై సామూహిక హక్కును దాని 3వ సెక్షన్ గుర్తిస్తుంది. పరీవాహక ప్రాంతాలను, నీటివనరులను కాపాడే అధికారాన్ని 5వ సెక్షన్ గ్రామసభకు ఇస్తుంది. అంటే గెడ్డ పుట్టేచోట చట్టబద్ధమైన సంరక్షకులు ఇప్పటికే ఉన్నారు. దిగువ బీల ప్రణాళికలో వారికి స్థానం కల్పించడమే మిగిలిన పని.

7. ఎవరు భాగస్వాములు?

ఉమ్మడి వనరుల నిర్వహణపై 1990లో ఎలినార్ ఆస్ట్రమ్ ప్రకటించిన అధ్యయనం, దీర్ఘకాలం నిలిచిన వ్యవస్థల్లో కొన్ని సాధారణ లక్షణాలను చూపింది: వనరుకూ వాడుకదారులకూ స్పష్టమైన హద్దు, నియమాల రూపకల్పనలో వాడుకదారుల పాత్ర, వారికి జవాబుదారీగా ఉండే కాపలా, తప్పుకు తగిన మెట్లవారీ శిక్ష, తమ సంఘాన్ని తాము నడుపుకునే హక్కుకు ప్రభుత్వ గుర్తింపు. ఇందులో చివరిది లేకపోతే మిగిలినవన్నీ బలహీనమవుతాయని సోంపేట అనుభవం ధ్రువపరుస్తుంది.

మన రాష్ట్ర చరిత్రలో నీటి నిర్వహణను ప్రజలకు అప్పగించిన ప్రధాన ప్రయత్నం 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం. దాని ద్వారా ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాల్లో కీలకస్థానం ఆయకట్టు భూమి ఉన్నవారిది. చెరువుకు ఇది కొంతవరకు సరిపోవచ్చు. బీలకు సరిపోదు. అక్కడ చేపలు పట్టేవారు, చాపలకు తుంగ కోసే స్త్రీలు, పశువుల కాపరులు చాలామందికి సెంటు భూమి ఉండకపోవచ్చు. భూమి ఆధారంగా సభ్యత్వం ఇస్తే, నీటిని అత్యధికంగా ఆశ్రయించినవారే సంఘం బయట ఉంటారు. నీటిమట్టం ఎంత ఉండాలన్న ప్రశ్నపై వరిరైతుకూ చేపలు పట్టేవారికీ ప్రయోజనాలు వేరు. ఈ వైరుధ్యాన్ని 'గ్రామ ప్రజలు' అనే ఏకవచన భావనతో కప్పిపుచ్చకుండా, సంఘంలోనే చర్చకు పెట్టే నిర్మాణం కావాలి.

పోలికకు రెండు సమీప ఉదాహరణలు ఉపకరిస్తాయి. కొల్లేరు 1999లో అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కూల్చివేసింది. ఆక్రమణల తొలగింపు అవసరమే అయినా, జీవనోపాధి ప్రశ్న తేలనంతకాలం వివాదం ఆరలేదు. చిలికా సరస్సు క్షీణత కారణంగా 1993లో రామ్‌సర్ హెచ్చరిక జాబితా అయిన మాంట్రో రికార్డులోకి వెళ్లింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచాక లవణీయత, చేపల రాబడి మెరుగుపడి, 2002లో ఆ రికార్డు నుంచి బయటికి వచ్చింది. మత్స్యకారులకు ఫలితం వలలోనే కనిపించింది. పునరుద్ధరణకు మన్నిక ఆ అనుసంధానం వల్ల వస్తుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు సూచనలు తేలుతున్నాయి. మొదటిది, బీలలు, తంపరలు, బందలు, గెడ్డలు స్థానిక నామాలతో, కాలానుగుణమైన హద్దులతో, వాడుకదారుల వివరాలతో జీవవైవిధ్య రిజిస్టర్లలోకి చేరాలి. వానాకాలపు హద్దు, వేసవి హద్దు రెండూ నమోదు కావాలి. వేసవిలో కొలిచిన బీల సగం బీలే. రెండవది, ప్రణాళికకు ప్రమాణం రెవెన్యూ గ్రామం కాకుండా గెడ్డ పరీవాహకం కావాలి. మన్యంలోని గ్రామసభ, మైదానంలోని రైతు, తీరంలో చేపలు పట్టే కుటుంబం ఒకే నీటికి చెందినవారు. మూడవది, సంఘ సభ్యత్వానికి ఆధారం భూమి పట్టా కాకుండా వాడుక కావాలి.

పరిశోధకులకు ఇక్కడ పని చాలా ఉంది. రెవెన్యూ రికార్డుల్లో ఈ నేలల వర్గీకరణ కాలక్రమంలో ఎలా మారింది, గెడ్డ పేర్లలో దాగిన జలచరిత్ర ఏమిటి, చేప, గడ్డి, నీటిస్థితుల గురించి స్త్రీలకూ చేపలు పట్టేవారికీ ఉన్న పదసంపద ఎంత అన్నవి భాషాశాస్త్రం, చరిత్ర, పర్యావరణం కలిసి చేయవలసిన అధ్యయనాలు. ఒక మాట వాడుకలోంచి పోయిన తరువాత అది సూచించిన నేలను గుర్తించడం కష్టమవుతుంది. బీల అన్న మాట తెలిసినవారు బీల పక్కనే ఉన్నారు. వారి మాటను రికార్డులోకి తేవడం పునరుద్ధరణలో తొలి పని.